పుట్టని గుంత ఎవరి ఖాతాలో?

మన పెద్దలు మనిషికి ఏడు సంతానాలని లెక్క చెప్పారు. కొడుకు, చెరువు, గుడి, తోట, నిధి, అగ్రహారం, కావ్యం. మనిషి పోయాక అతని పేరు నిలబెట్టేవి ఇవేనని. ఆ ఏడింటిలో రోడ్డు లేదు. బావి తవ్వించినవాడు, సత్రం కట్టించినవాడు, చలివేంద్రం పెట్టించినవాడు పుణ్యాత్ములని చిన్నప్పటి నుంచీ వింటాం. దారి బాగుచేసినవాడి సంగతి ఎవరూ ఎత్తరు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా దారుల వెంబడి బావులు తవ్వించానని, చెట్లు నాటించానని వాటిలో చెప్పుకున్నాడు. అంతటి చక్రవర్తి కూడా అక్కడ దారి పక్కనున్న వాటినే చెప్పాడు గానీ, నడిచేవాడి కాలి కింద ఏముందో చెప్పలేదు.

నేను రోడ్ల నాణ్యత పరీక్షించే ప్రభుత్వ లాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది హైదరాబాద్ రాంనగర్‌లో. నా ఉద్యోగమంతా డాంబరుతోనే గడిచింది. ఏ రోడ్డుకు ఏ గ్రేడు, ఏ కంకరకు ఏ ఎమల్షన్ (నీళ్లలో సన్న బిందువులుగా కలిపిన డాంబరు), పైన వేసే సీల్ కోటు ఎన్ని వానలకు ఆగుతుంది, రోజూ ఇవే లెక్కలు. ఆ లెక్కల వెనక ఇంకో ప్రశ్న నన్ను వదిలేది కాదు. పది చేతులు కలిసి చేసే పనిలో, ఎవరి పేరూ మిగలని పనిలో, పాపం పుణ్యం ఉంటాయా? ఉంటే ఎవరి ఖాతాలో పడతాయి? పంతుళ్లను అడిగాను. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ప్రవచనాలకు వెళ్లి కూర్చున్నాను. మంచి మాటలు చాలా విన్నాను గానీ నా ప్రశ్నకు సూటి జవాబు దొరకలేదు. నాకు తోచిన జవాబు లాబ్‌లోనే తోచింది. కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

రోడ్డు బలమంతా కింద ఉంటుంది. గట్టిపరచిన మట్టి, గ్రావెల్, కంకర, ఆపైన డాంబరు కలిపిన పొరలు. వీటన్నిటి మీదా చివరగా వేసేది సీల్. డాంబరు పల్చగా చిమ్మి, దాని మీద చిన్న కంకర చల్లి, రోలర్ తిప్పితే అది సర్ఫేస్ డ్రెస్సింగ్. పాలిమర్ కలిపిన ఎమల్షన్‌లో సన్న కంకర, రాతిపొడి, కొద్దిగా సిమెంటు వేసి పరిస్తే మైక్రో సర్ఫేసింగ్. దాని మందం 4 నుంచి 8 మిల్లీమీటర్లే. ఈ పైపొర లారీ బరువు మోయదు, రోడ్డుకు కొత్త బలం ఇవ్వదు. వాన నీళ్లు లోపలికి దిగకుండా ఆపుతుంది. కింద పొరల్లోని డాంబరు ఎండకూ గాలికీ బిరుసెక్కకుండా అడ్డుపడుతుంది. టైరుకు పట్టునిస్తుంది. అది సరిగా ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి కట్టి 2023 ఆగస్టు 19న తెరిచారు. దానికి నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు. మా ముషీరాబాద్‌కు ఎమ్మెల్యేగా, తెలంగాణ తొలి హోం మంత్రిగా, వీఎస్టీ ఫ్యాక్టరీ కార్మికుల నాయకుడిగా ఆయన ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిన మనిషి. ఆ పేరు పెట్టడం సబబే. అయితే బ్రిడ్జికి పేరుంటుంది గానీ దాని కింద రోడ్డుకు వేసిన సీల్ కోటుకు ఉండదు. శిలాఫలకం మీద మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు, కార్పొరేటర్ పేరు ఉంటాయి. వాడిన డాంబరు గ్రేడు ఉండదు. దాన్ని ఎంచిన మనిషి ఎవరో అసలే ఉండదు.

ఎంపిక అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఒకప్పుడు మన దేశంలో డాంబరును సూదితో గ్రేడు చేసేవాళ్లం. 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాముల బరువుతో, సూది 5 సెకన్లలో ఎంత లోతు దిగుతుందో చూసి 80/100 అనో 60/70 అనో పేరు పెట్టేవాళ్లం. 2006లో ఐఎస్ 73 ప్రమాణాన్ని మార్చారు. అప్పట్నుంచి 60 డిగ్రీల దగ్గర డాంబరు ఎంత చిక్కగా ఉందన్నదే లెక్క. 60 డిగ్రీలే ఎందుకంటే, మే నెల మధ్యాహ్నం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర గాలి 42 డిగ్రీలున్నప్పుడు నల్లటి రోడ్డు 60కి అటూ ఇటూగా కాగుతుంది. బస్సు బ్రేకు వేసేది ఆ వేడి మీద. అక్కడ డాంబరు ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా 25 డిగ్రీల దగ్గర ఎంత గట్టిగా ఉంటే మనకేం లాభం?

ఇప్పుడున్న గ్రేడులు వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40. 60 డిగ్రీల దగ్గర వీజీ-10 చిక్కదనం కనీసం 800 పాయిజ్ ఉండాలి, వీజీ-30కి 2400, వీజీ-40కి 3200. సిగ్నళ్ల దగ్గర, లారీలు ఆగేచోట వీజీ-40 మంచిది. మామూలు రోడ్డు మిక్స్‌కు వీజీ-30. చిమ్మి కంకర చల్లే సీల్‌కు మాత్రం మెత్తటి వీజీ-10, లేదంటే తొందరగా విరిగే ఆర్ఎస్-2 ఎమల్షన్. జనంలో, కొంతమంది కాంట్రాక్టర్లలో కూడా, గట్టిదైతే మన్నుతుందనే నమ్మకం ఉంది. సీల్ విషయంలో అది తప్పు. గట్టి డాంబరు రోడ్డు మీద పడగానే చల్లబడి బిగుసుకుపోతుంది, కంకరను తడపదు. తడవని రాయి అంటదు. వారం తిరక్కముందే టైర్ల కింద చిప్స్, అంటే చల్లిన చిన్న కంకర, లేచిపోతాయి. అలాగని మరీ మెత్తటిది మరీ ఎక్కువ కొడితే ఎండాకాలంలో డాంబరు పైకి తేలి రోడ్డు అద్దంలా మెరుస్తుంది. తొలకరి చినుకు పడగానే బండ్లు జారతాయి.

దానం చేసేటప్పుడు దేశం, కాలం, పాత్ర చూడాలంటారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అని. డాంబరు ఎంచడంలో నేను నేర్చుకున్నది అచ్చంగా ఈ మూడే. బస్సులు ఆగే చోటా, కాలనీ లోపలి సందా? ఎండాకాలమా, వాన ముందరా? ఏ రాయి మీద? ఈ మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే హైదరాబాద్‌లో అసలు కథంతా ఇక్కడే ఉంది.

మన రాయి గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. బలానికి వంక పెట్టలేం. కానీ ఆ రాయికి డాంబరు కంటే నీళ్లంటేనే ఇష్టం. అందులో సిలికా ఎక్కువ. డాంబరు పూత వేసినా సరే, నీళ్లు సందు చూసుకుని దూరి, రాతికీ పూతకూ మధ్య చేరి, పూతను నెట్టేస్తాయి. దీన్ని పరీక్షించడానికి ఐఎస్ 6241లో ఒక పద్ధతి ఉంది. 20 మిల్లీమీటర్ల జల్లెడ దాటి పన్నెండున్నర మిల్లీమీటర్ల జల్లెడ మీద ఆగిన కంకర 200 గ్రాములు తీసుకుంటాం. శుభ్రంగా ఆరబెట్టి, 150 డిగ్రీలకు వేడిచేసి, 5 శాతం డాంబరు కలుపుతాం. ప్రతి రాయీ నల్లగా నిగనిగలాడుతుంది. చల్లారాక గాజు బీకరులో వేసి నీళ్లు పోసి, 40 డిగ్రీల నీటి తొట్టిలో 24 గంటలు ఉంచుతాం.

మర్నాడు బీకరు ఎత్తి వెలుతురుకు పెట్టి చూడాలి. ముందు రాతి పదునైన అంచులు బయటపడతాయి. అంచు మీద పూత పల్చగా ఉంటుంది కాబట్టి నీళ్లు అక్కణ్నుంచే పని మొదలుపెడతాయి. తర్వాత గులాబీ రంగు పలకలు, బూడిద రంగు గింజలు. నలుపు వెనక్కి ముడుచుకుపోయి చిన్న చిన్న చుక్కలుగా నిలబడుతుంది. పూత ఊడిన భాగం 5 శాతం మించకూడదు. ఇక్కడ చదివేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఈ పరీక్షకు మీటరు లేదు, ముల్లు లేదు. కంటితో చూసి, ఇంత శాతం ఊడిందని మనిషి రాయాలి. అయిదా, ఎనిమిదా? బీకరు ముందు ఇద్దరు నిలబడితే రెండు అంకెలు వస్తాయి. పక్కనే కాంట్రాక్టరు మనిషి టీ పట్టుకుని నిలబడి ఉంటాడు, బయట అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) జీపు ఆగి ఉంటుంది. ఆ క్షణంలో పెన్ను ఏ అంకె రాస్తుందో దానికి మనస్సాక్షి తప్ప ఇంకో సాక్షి లేదు. సత్యవ్రతం గురించి నేను చదివిన పుస్తకాల కన్నా ఆ బీకరు నాకు ఎక్కువ నేర్పింది.

ఎనిమిది అని రాస్తే ప్రపంచం మునిగిపోదు. మార్గాలున్నాయి. కంకరకు కొద్దిపాళ్లలో హైడ్రేటెడ్ సున్నం పట్టించవచ్చు. డాంబరులో పట్టు పెంచే మందు కలపవచ్చు. ఇంకా మంచి మార్గం క్యాటయానిక్ ఎమల్షన్. తడిసిన గ్రానైట్ ముఖం మీద రుణావేశం ఉంటుంది, క్యాటయానిక్ ఎమల్షన్‌లోని డాంబరు బిందువులకు ధనావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, నీళ్లు పక్కకు తప్పుకుంటాయి. రాయి స్వభావం మార్చలేం, దాని స్వభావానికి తగిన డాంబరును ఎంచుకోగలం. అందుకే తప్పుడు అంకె రాయడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. నిజం రాస్తే దారి దొరికే చోట అబద్ధం రాయడం అది.

ఇప్పుడు ఫలం సంగతి. కొత్తగా వేసిన రోడ్లన్నీ నల్లగానే ఉంటాయి. సరైన గ్రేడు వాడినదీ, కానిదీ, డాంబరు మాడ్చి వేసినదీ, పక్కపక్కనే పెట్టి చూపిస్తే నాకే తేడా తెలియదు. ప్రారంభోత్సవం నాడు అన్నిటికీ ఒకటే కొబ్బరికాయ. బిల్లు పాసయ్యే రోజుకు అన్నీ ఒకలాగే ఉంటాయి. మొదటి వానాకాలమో, రెండో ఎండాకాలమో వచ్చాకే ఏది ఏమిటో బయటపడుతుంది. అప్పటికి ఏఈకి బదిలీ అయి ఉంటుంది, కాంట్రాక్టరు ఇంకో పనిలో ఉంటాడు, డాంబరు చిమ్మిన స్ప్రేయర్ డ్రైవరు ఇంకో జిల్లాలో. కర్మకూ ఫలానికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, మనిషిని సరిగ్గా నడిపించేది ఏమిటి? శిక్ష భయమా? అది చేరేలోపు అందరూ వెళ్లిపోతారు. పేరు ఆశా? పేరు అసలే లేదు.

చాలా ఏళ్ల కిందట నగరంలో ఒక కాలనీ రోడ్డుకు వేసిన సీల్ ఒక్క వానాకాలంలో లేచిపోయింది. రోడ్డంతా చిప్సే. మనవణ్ని బడి నుంచి తీసుకొస్తున్న ఒక పెద్దాయన స్కూటర్ జారి తుంటి ఎముక విరిగింది. పిల్లవాడు క్షేమం. విచారణకు నన్ను పంపారు. వరసగా అందరినీ కూర్చోబెట్టి అడిగాను.

బాయిలర్ చూసేవాడు చెప్పాడు: "లారీ పొద్దున్నే వస్తదన్నరు సార్, రాలే. మంట ఆపితే గడ్డ కడ్తది. అందుకని రాత్రంతా వేడి మీదనే ఉంచిన." స్ప్రేయర్ డ్రైవరు: "నాకు ఏది నింపిస్తే అది కొట్టిన సార్." మేస్త్రీ: "బ్లోయర్ రాలేదు, చీపుర్లతోనే ఊడ్చినం." కంకర తోలినవాడు దుమ్ము క్రషర్‌దన్నాడు. కాంట్రాక్టరు పాత బిల్లులు రాలేదన్నాడు, ఆ వారం వీజీ-10 దొరకలేదన్నాడు, వీజీ-30 ఇంకా గట్టిది కదా, నష్టమేముంది అనుకున్నానన్నాడు. ఇంజినీరు ప్రారంభోత్సవం తేదీ పైనుంచి ఖరారై వచ్చిందన్నాడు. లాబ్ రిపోర్టు చూస్తే అంతా సక్రమంగా ఉంది, ఎందుకంటే పరీక్షకు పంపిన శాంపిల్ అంతకు ముందు నెలలో వచ్చిన మంచి డ్రమ్ములోది.

వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ నా నమ్మకం. ఎవరూ దొంగలు కారు. ఎవరికి వాళ్లు తమ వంతు చిన్న సర్దుబాటు చేసుకున్నారు. వేడి మీద ఉన్న డాంబరు బిరుసెక్కింది, అసలే గ్రేడు గట్టిది, కింద దుమ్ము, రాయి గ్రానైట్, పైన వాన. తప్పు పది ముక్కలైంది. ఆ పెద్దాయన నొప్పి మాత్రం ముక్కలు కాలేదు, మొత్తం ఆయనొక్కడికే వచ్చింది.

రిపోర్టులో ఎవరెవరి బాధ్యత ఎంతో రాశాను. ఆ తర్వాత ఇంటికి వచ్చి కూడా ఆలోచించాను. మన ధర్మంలో పెద్దలు తరచూ చెప్పే మాట ఒకటుంది: చేసినవాడు, చేయించినవాడు, ఉసిగొల్పినవాడు, సరేనన్నవాడు, ఈ నలుగురికీ పాపమైనా పుణ్యమైనా సమానం. పెళ్లిళ్లలో, యజ్ఞాలలో ఈ మాటను పుణ్యం వైపే చెబుతారు, తలా కొంత వస్తుందని. నేను దాన్ని పాపం వైపు నుంచి చదివాను. సమానం అంటే నాలుగో వంతు చొప్పున పంచడం అనుకుంటే ఎంత హాయి! పదిమంది ఉంటే పదో వంతు, వందమంది ఉంటే నూరో వంతు, మొత్తం కార్పొరేషన్ అంతా ఉంటే ఎవరికీ ఏమీ మిగలదు. కానీ ఆ మాట అలా పంచమని చెప్పడం లేదు. అందరికీ మొత్తం, ఒక్కొక్కరికీ పూర్తిగా, అని చెబుతోంది. వాల్మీకి కథలో బోయవాడి ఇంటివాళ్లు అతని పాపంలో వాటా తీసుకోం అన్నారు. అతని సంపాదన తిన్నవాళ్లే ఆ మాట అన్నారు. అప్పును వాటాలు వేసి తీర్చవచ్చు, పాపాన్ని వాటాలు వేయలేమని ఆ కథ చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పలేదు.

ఆ నలుగురిలో నాలుగోవాడు, సరేనన్నవాడు, నన్ను ఎక్కువ ఆలోచింపజేశాడు. మా వృత్తిలో అతనే సంతకం పెట్టేవాడు. చేయి కదపడు, డాంబరు ముట్టుకోడు, లాభం కూడా తినకపోవచ్చు. ఊరుకుంటాడు, అంతే. శాస్త్రం అతణ్ని చేసినవాడి పక్కనే కూర్చోబెట్టింది. ఇంత కఠినమా అని మొదట్లో నాకు అనిపించింది. బీకరు ముందు నిలబడ్డాక అది కఠినం కాదని తెలిసింది. గొలుసులో ఎవడో ఒకడు "ఊహూఁ" అంటే పని అక్కడే ఆగుతుంది. ఆపగలిగినవాడు ఆపకపోతే, ఆ పని అతనిది కూడా.

ఇక గీత. ఆఫీసుల్లో గీతలోంచి ఎక్కువగా వినపడే మాట ఫలితం మన చేతిలో లేదన్నది. ఫైలు కదలకపోయినా అదే మాట, రోడ్డు లేచిపోయినా అదే మాట. భగవంతుడు అర్జునుడికి చెప్పింది అది కాదని నా గట్టి అభిప్రాయం. ఫలం మీద అధికారం లేదన్నాడు, అంటే ఫలాన్ని అనుభవించే హక్కు నాదని పట్టుపట్టవద్దని. ఆ వెంటనే, పని మానేయడం మీద మోజు పడవద్దని కూడా అన్నాడు. ఫలానికి జవాబు చెప్పనక్కర్లేదని ఎక్కడా అనలేదు. రోడ్డు బాగుంటే దండ నాకు వేయమని అడగను. రోడ్డు పాడైతే ఎందుకని నన్ను అడగవచ్చు. నిష్కామ కర్మ అంటే నాకు అర్థమైంది ఇంతే.

ఒక మిత్రుడు ఉన్నాడు, వేదాంతం బాగా చదువుకున్నవాడు. అశోక్ నగర్‌లో, పోటీ పరీక్షల పిల్లలతో కిక్కిరిసిన సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర మేం కలుస్తుంటాం. ఆయన అంటాడు, "అన్నీ అనిత్యమే కదండీ, పర్వతాలే అరిగిపోతాయి, మీ డాంబరు ఎంత?" ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోను. డాంబరు అనిత్యమే. గాలిలోని ఆక్సిజన్ తగిలిన క్షణం నుంచి అది ముసలిదవుతూనే ఉంటుంది. లాబ్‌లో ఆ ముసలితనాన్ని ముందుగానే చూస్తాం కూడా. డాంబరును పల్చటి పొరగా పోసి 163 డిగ్రీల ఓవెన్‌లో 5 గంటలు ఉంచి, తీసి మళ్లీ పరీక్షిస్తాం. 60 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం ముందున్న దానికి నాలుగు రెట్లు మించకూడదు. చూడండి, అనిత్యానికి కూడా ఒక హద్దు ఉంది, ఆ హద్దును మనుషులే కూర్చుని నిర్ణయించారు. ముసలితనం వస్తుందా రాదా అని ఎవరూ అడగరు. రావలసిన వేళకు వస్తుందా, లేక మన అశ్రద్ధ వల్ల పదేళ్ల ముందే వస్తుందా అన్నదే అడుగుతాం. బుద్ధుడు అనిత్యం గురించి చెప్పింది శ్రద్ధ పెంచడానికే తప్ప అశ్రద్ధకు సాకు ఇవ్వడానికి కాదు.

బుద్ధుడి పేరెత్తాను కాబట్టి ఒక కథ. జాతక కథల్లో కులావక జాతకం ఉంది. మగధలో ఒక పల్లెలో మఘుడనే యువకుడు. ఊరివాళ్లు పనికి చేరే చోట తను నిలబడే కాస్త నేలను కాలితో చదును చేసుకుంటాడు. ఇంకొకడు వచ్చి అతణ్ని నెట్టి అక్కడ నిలబడతాడు. మఘుడు కోప్పడడు, పక్కన ఇంకో జాగా చదును చేసుకుంటాడు. అలా మొదలై, తోటివాళ్లను కూడగట్టి, ఊరి దారుల్లో రాళ్లు తీసి, బండి ఇరుసులకు తగిలే చెట్లు కొట్టి, ఎత్తుపల్లాలు సరిచేసి, వంతెనలు కడతాడు. అతని మాట విని జనం తాగుడు మానేశారు. తాగి కొట్టుకుంటే వచ్చే జరిమానాల డబ్బు పోయిందని ఊరి పెద్దకు మంట. రాజుకు చాడీలు చెప్పాడు. వీళ్లను ఏనుగులతో తొక్కించమని రాజు ఆజ్ఞ. ఏనుగులు తొక్కలేదు. ఆ మఘుడే తర్వాతి జన్మలో ఇంద్రుడయ్యాడు. యజ్ఞాలు చేసి ఇంద్రపదవికి వెళ్లినవాళ్ల కథలు మన పురాణాల్లో ఎన్నో ఉన్నాయి. రోడ్డు బాగుచేసి వెళ్లినవాడు నాకు ఈయన ఒక్కడే దొరికాడు. సప్త సంతానాల్లో కనపడని రోడ్డు ఇక్కడ కనపడింది. ఈ కథ మన పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

దారి గురించి నేను విన్న ఇంకో మాట చెప్పింది ముషీరాబాద్‌కు చెందిన ఒక రోలర్ డ్రైవరు. పని మొదలుపెట్టే ముందు ఎప్పుడూ రోలర్ దిగి, ముందున్న జాగా అంతా నడిచి, మేకులూ గాజుపెంకులూ ఏరి పక్కన పెట్టేవాడు. రోలర్ చక్రానికి అవి ఏమీ చేయవు కదా, ఎందుకని అడిగాను. "చక్రానికి కాదు సాబ్, రేపు నడిచేవాళ్లకు. మా దగ్గర ఈమాన్‌కు డెబ్బయికి పైన కొమ్మలుంటయి. అల్లా ఒక్కడే అనుడు అన్నిటికన్న పెద్ద కొమ్మ. తొవ్వల ఉన్న ముల్లు తీసెయ్యడు అన్నిటికన్న చిన్నది. నాతోటి పెద్దది ఎంతైతదో తెల్వదు, చిన్నదైతే అయితది" అన్నాడు. ప్రవక్త బోధగా ముస్లింలు దాన్ని గౌరవిస్తారు. దైవం ఒక్కటే అన్న మాటనూ దారిలో ముల్లు తీయడాన్నీ ఒకే చెట్టుకు కట్టిన ఆ బోధ విన్నాక, డాంబరు ఎంపిక ఆధ్యాత్మిక విషయమా అన్న నా సందేహం తీరింది. అతను నిరక్షరాస్యుడు. నేను వెతికిన జవాబులో సగం అతని దగ్గర ఉంది.

మన పండుగల గురించి ఒక మాట, నొచ్చుకోకుండా వినండి. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయక నిమజ్జనం. నిమజ్జనానికి సికింద్రాబాద్ వైపు విగ్రహాలు ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా ట్యాంక్‌బండ్‌కు వెళతాయి. ఊరేగింపు ముందు గుంతలు పూడ్చాలని ఒత్తిడి వస్తుంది. సరిగ్గా అది వానల కాలం. తడి గుంతలో వేడి మిక్స్ వేస్తే అది పట్టదు, రోలర్ తిప్పినా పట్టదు, అమ్మవారు దాటేసరికే లేచిపోతుంది. దేవుడి పేరు చెప్పి వేసిన ఆ పొర దేవుడికి చెప్పిన అబద్ధం. గుంత అంచులు చదరంగా కోసి, లోపల నీరూ మట్టీ తీసి, ఆరబెట్టి, ఎమల్షన్ పూసి, తర్వాత మిక్స్ వేయాలి. వాన ఆగకపోతే అందుకు తయారుచేసిన కోల్డ్ మిక్స్ వాడాలి. సమయం లేదంటే రోజు వెనక్కి జరపలేం కాబట్టి ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టాలి. బోనం ఎత్తుకున్న తల్లి చెప్పుల్లేని కాళ్లతో నడిచేది ఆ రోడ్డు మీదే. భక్తి అనేది ఉంటే ఏప్రిల్‌లో ఉండాలి.

అలాగే, ఎంత మంచి డాంబరైనా నిలిచిన నీటితో పోరాడలేదు. మా పక్కన నాగమయ్యకుంట వైపు వీధుల్లో ప్రతి వానకూ నీళ్లు నిలుస్తాయి. హుస్సేన్‌సాగర్ నాలా దగ్గర, పల్లం ప్రాంతం. 2020 అక్టోబరు 13 రాత్రి నగరంలో పడ్డ వానను ఇక్కడివాళ్లెవరూ మరిచిపోరు. నీళ్లు పోయే దారి మూసేసి పైన వీజీ-40 వేసినా, వీజీ-10 వేసినా ఒకటే. ఆ నీటి దారిని ఆక్రమించినవాడు కూడా నేను చెప్పిన ఆ నలుగురి లెక్కలోకే వస్తాడు.

హైదరాబాద్‌లో గంగాధర తిలక్ కట్నం గారని రిటైరైన రైల్వే ఇంజినీరు, తన పెన్షన్ డబ్బుతో ఏళ్ల తరబడి రోడ్ల గుంతలు పూడుస్తున్నారు. ఆయనకు నేను చేతులెత్తి దండం పెడతాను. ఆయన పూడ్చిన గుంత ఫొటోలో కనపడుతుంది, పత్రికలు రాశాయి, రాయాలి కూడా. అయితే పుట్టకుండా ఆగిపోయిన గుంతకు ఫొటో ఎక్కడిది? సరైన గ్రేడు ఎంచి, రాయికి తగిన ఎమల్షన్ వాడి, బాయిలర్ మంట సమయానికి తగ్గించినందువల్ల అయిదేళ్లు రాని గుంత ఉంది చూడండి, దాని వల్ల పడకుండా ఇంటికి చేరిన మనిషికి తను పడకుండా ఉన్నానని కూడా తెలియదు. ఎం.బి. అనే కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, మందం రాస్తాం. జరగని ప్రమాదానికి అందులో గడి లేదు.

చిత్రగుప్తుడి చిట్టాలో ఉందని నేను నమ్ముతాను. నమ్మకానికి రుజువు అడగవద్దు. మనుషుల లెక్క కనపడినదానితో ఆగిపోతుంది, కాబట్టే కనపడనిదాన్ని లెక్కపెట్టే ఇంకో లెక్క మనసుకు కావాలి. దేవుడి అవసరం నాకు గుడిలో కంటే అక్కడ ఎక్కువ తెలిసింది. నా ప్రశ్నకు నేను తేల్చుకున్న జవాబు ఇది: పేరు లేని పనిలో పాపపుణ్యాలు ఉన్నాయి, అవి భాగాలు కావు, ఆ పనిని ఆపగలిగి ఉండీ ఆపని ప్రతివాడికీ మొత్తంగా చెందుతాయి. చూసేవాడు లేకపోయినా సరిగ్గా చేసినవాడికీ మొత్తంగానే చెందుతాయి.

రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వాళ్లకు నా విన్నపం. మీరు కూడా ఆ గొలుసులో ఉన్నారు, సరేనన్నవాళ్ల వరసలో. మీ వీధికి డాంబరు లారీ వచ్చిన రోజు తలుపు వేసుకుని లోపల కూర్చోవద్దు. బయటికి వచ్చి మర్యాదగా అడగండి. ఏ గ్రేడు డాంబరు? చలానా చూపిస్తారా? సీల్ అయితే వీజీ-10నా, ఎమల్షనా? వేడి ఎంతుంది, థర్మామీటర్ ఉందా? కింద ఊడ్చి దుమ్ము తీశారా? నేల ఆరిందా? కంకర శాంపిల్ ఊడే పరీక్షకు పంపారా, ఎంత శాతం వచ్చింది? పనివాళ్లకు ముందు మంచినీళ్లు ఇచ్చి అడగండి, వాళ్లు ఎండలో 150 డిగ్రీల సరుకుతో పనిచేస్తున్నారు. జవాబులు కాగితం మీద రాసి, తేదీ వేసి, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు అంటించండి. వచ్చే వానాకాలం తర్వాత ఆ కాగితం పట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లండి.